మూతి తిప్పుకునే పిల్లలు, తల్లుల మీద పడే నింద

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దు వెంట తెలుగు మాట్లాడే ఇళ్లున్న ఊళ్లివి. మూడేళ్ల బిడ్డ ఉన్న ఏ ఇంటికి వెళ్లినా మాటల మధ్య ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. "మా వాడు పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడండీ." "ఆకుకూర కనిపిస్తే చాలు, కంచం తోసేస్తుంది." ఆ వెనుకే రెండు తీర్పులు వస్తాయి. బిడ్డ మొండిదన్నది మొదటిది, తల్లి సరిగ్గా అలవాటు చేయలేదన్నది రెండోది. ఈ రెండోది అత్తగారి నోటి నుంచో ఆడపడుచు నోటి నుంచో వస్తుంది, కొన్ని ఇళ్లలో తండ్రే అనేస్తాడు. ఆ మాట పడిన తల్లి మర్నాడు బిడ్డ నోట్లో ఇంకో రెండు ముద్దలు బలవంతంగా కుక్కుతుంది. దాంతో పేచీ ఇంకాస్త ముదురుతుంది.

ఆ రెండు తీర్పులూ అన్యాయమైనవే. పిల్లల తిండి ఇష్టాల మీద దాదాపు వందేళ్లుగా పరిశోధన జరుగుతోంది. పుట్టుకతో వచ్చినది, వయసు తెచ్చినది, ఇల్లు నేర్పినది, కంచం దగ్గర మనం చేసే హడావిడి వల్ల వచ్చినది అన్నీ కలిసి ఒకే పేచీగా కనిపిస్తాయని ఆ పరిశోధన చెబుతుంది. దేని వాటా ఎంతో తెలియనప్పుడు, మన చేతిలో లేని దాని మీద యుద్ధం చేస్తాం, చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తాం.

ముందు వయసు సంగతి చూద్దాం. అది తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు తొమ్మిది కిలోల దరిదాపులకు వస్తుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, మూడు కిలోలే. ఎదుగుదల వేగం అంతగా పడిపోతే ఆకలీ తగ్గుతుంది. నిరుడు గిన్నెడు తిన్న బిడ్డ ఈ ఏడు నాలుగు ముద్దలకే తల తిప్పేస్తే ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనుకుంటారు. చాలాసార్లు ఆ బిడ్డ తనకు కావలసినంత తినేసే ఉంటుంది.

సరిగ్గా ఈ వయసులోనే కొత్త తిండి అంటే భయం మొదలవుతుంది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య ఇది బలంగా ఉంటుంది. ఏది దొరికితే అది తినగల జీవికి తిండి ఎంత అవసరమో విషం అంత ప్రమాదమని, అందుకే మనిషికి కొత్త తిండి మీద ఆసక్తీ అనుమానమూ రెండూ ఉంటాయని అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1976లో వివరించారు. పాకే బిడ్డకు తల్లి పెట్టిందే తిండి. నడక వచ్చిన బిడ్డ తనంతట తాను పొదల దాకా వెళ్లగలదు, కనిపించిన ఆకునూ కాయనూ నోట్లో పెట్టుకోగలదు. ఆ దశలో తెలియని ఆకుపచ్చ వస్తువును అనుమానించే గుణం ప్రాణాన్ని కాపాడి ఉంటుందనే వివరణ నాకు సబబుగా తోస్తుంది. మన వంటింట్లో ఆ అనుమానానికి మొదట బలయ్యేవి తోటకూర, మునగాకు, కాకరకాయ.

నాలుక కూడా వారసత్వమే

తీపిని ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంకా పాలు కూడా తాగని శిశువుల నాలుక మీద తీపి చుక్క వేస్తే ముఖం విప్పారుతుందని, చేదు చుక్క వేస్తే నోరు వెళ్లబెట్టి బయటికి తోసేస్తారని జాకబ్ స్టైనర్ అనే పరిశోధకుడు 1970లలో ఫొటోలతో సహా చూపించారు. ప్రకృతిలో తీపి అంటే శక్తికి, చేదు అంటే తరచూ విషానికి గుర్తు. కాబట్టి కాకరకాయను ఉమ్మేసే బిడ్డ తన శరీరం చెప్పిన మాట వింటోంది.

అయితే ఆ చేదు అందరికీ ఒకే తీవ్రతతో తగలదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదని మొత్తుకున్నాడు, ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా వెనుక ఒక జన్యువు ఉందని 2003లో తేలింది. దాని పేరు టాస్‌2ఆర్‌38. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాకు వంటి వాటిలోని చేదును ఎంత గట్టిగా పసిగడతామన్నది కొంతవరకు దీని మీద ఆధారపడి ఉంటుంది. మనిషి నాలుక మీద చేదును గుర్తించే గ్రాహకాలు పాతిక దాకా ఉన్నాయి, కాకరకాయ చేదుకు తలుపు వేరు. పైగా ఈ జన్యువు ఒకే రకంగా ఉన్నవాళ్లలో కూడా పెద్దల కంటే పిల్లలకే చేదు ఎక్కువగా తెలుస్తున్నట్టు 2005లో ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధన చేసే మొనెల్ కేంద్రంలో గమనించారు. "నేను తింటున్నాను కదా, నీకేం?" అని అడిగే తండ్రి నోటిలోని క్యాబేజీ, కొడుకు నోటిలోని క్యాబేజీ ఒకే రుచిలో ఉండకపోవచ్చు.

కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇంకా ముందుకు వెళ్లాయి. బ్రిటన్‌లో 2007లో పుట్టిన కవలలను పదమూడేళ్ల వయసు దాకా గమనించి 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తిండి పేచీలో పిల్లల మధ్య కనిపించే తేడాలకు పదహారు నెలల వయసులో 60 శాతం, మూడేళ్లు దాటాక 74 శాతం, అంతకు పైన జన్యువులే కారణం. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. మీ బిడ్డ పేచీలో 74 వంతులు రక్తంలో ఉందని, మిగిలిన 26 వంతులే మీ చేతిలో ఉందని దీని అర్థం కాదు. ఒకే రకమైన సమాజంలో పెరుగుతున్న పిల్లల్లో ఒకరు ఎక్కువ పేచీ, ఒకరు తక్కువ పేచీ ఎందుకు పెడుతున్నారు అన్న ప్రశ్నకు మాత్రమే ఆ అంకె జవాబు. ఆ పిల్లలందరూ కలిసి ఎక్కడికి చేరగలరు అన్న ప్రశ్నకు కాదు.

కారం ఇందుకు మంచి ఉదాహరణ. మిరపకాయను ఏ బిడ్డా ఇష్టంతో పుట్టదు, నోరు మండించే వస్తువు అది. కారం ఎంత ఓర్చుకోగలరన్నదీ పుట్టుకతో మనిషికీ మనిషికీ మారుతుంది. అయినా తెలుగు ఇళ్లలో ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు ప్రతి బిడ్డా కారం తింటుంది. నాన్నమ్మ ఆవకాయ ముక్కను నీళ్లలో కడిగి చప్పరించమని ఇస్తుంది. తర్వాత వెన్నపూస కలిపి ముద్ద పెడుతుంది. కొన్నాళ్లకు బిడ్డే చెయ్యి చాచి ఇంకొంచెం వేయమంటుంది. తిన్నందుకు బహుమతి లేదు, తినకపోతే దెబ్బా లేదు. మెక్సికోలోని ఒక పల్లెలో పిల్లలు మిరపకాయను ఎలా ఇష్టపడతారో రోజిన్, డెబొరా షిల్లర్ 1980లో రాశారు. అక్కడా అంతే. పెద్దలు తింటుండగా చూస్తూ, కొద్దికొద్దిగా రుచి చూస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా పిల్లలు అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య దారిలో పడతారు. అదే కారం కలిసిన మిగులు తిండిని రోజూ తినే ఆ ఊరి కుక్కలకు, పందులకు మాత్రం ఆ ఇష్టం పుట్టలేదు. జన్యువుల తేడాలు అలాగే ఉండగా ఒక సమాజం తన పిల్లలందరినీ మంట పుట్టించే వస్తువు వైపు తీసుకెళ్లగలిగింది. కారం విషయంలో ఇంత ఓర్పుగా ఉండే మనం తోటకూర దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత తొందరపడతామో ఆలోచించాలి.

కడుపులో ఉన్నప్పటి నుంచే

రుచుల పరిచయం అన్నప్రాశనతో మొదలవుతుందనుకుంటాం. నిజానికి అది కడుపులోనే మొదలవుతుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన ఉమ్మనీటికి చేరుతుంది. పాలిచ్చే తల్లి వెల్లుల్లి తిన్న రెండు గంటల ప్రాంతంలో పాలలో ఆ వాసన ఎక్కువగా ఉంటుందని, అప్పుడు బిడ్డలు రొమ్మును ఎక్కువసేపు పట్టుకున్నారని మొనెల్ కేంద్రానికి చెందిన జూలీ మెన్నెల్లా, గ్యారీ బోచాంప్ 1991లో చూపించారు. 2001లో ఆ బృందమే ఇంకో ప్రయోగం ప్రచురించింది. కొందరు తల్లులు గర్భంతో ఉన్నప్పుడు, కొందరు పాలిచ్చే రోజుల్లో క్యారెట్ రసం తాగారు, ఇంకొందరు మంచినీళ్లే తాగారు. తర్వాత బిడ్డలకు క్యారెట్ రుచి కలిపిన జావ పెడితే, ఆ రుచిని ముందే ఎరిగిన బిడ్డలు ముఖం తక్కువగా చిట్లించారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చేది మన బాలింత పథ్యం. చాలా ఇళ్లలో బాలింతకు వెల్లుల్లి దండిగా పెడతారు. ఈ ప్రయోగాల వెలుగులో అది బిడ్డకు మంచి పరిచయమే. కానీ అదే పథ్యంలో వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, ఆకుకూర వద్దు, పండ్లు చలువ చేస్తాయి అంటూ తల్లి కంచాన్ని నెలల తరబడి కుదించేస్తారు. తల్లి తినే కూరలు తగ్గిన కొద్దీ పాలలో బిడ్డకు అందే రుచులూ తగ్గుతాయి. పాలిచ్చే తల్లికి అన్ని రకాల కూరలూ కావాలని వైద్యులు చెప్పేది ఆమె రక్తం కోసం, బలం కోసం. బిడ్డ నాలుక కోసం కూడా అని నేను ఇంకో కారణం చేరుస్తాను. కోడలి కంచంలో ఆకుకూర తీసేసిన ఇల్లే, మూడేళ్ల తర్వాత మనవడు ఆకుకూర తినడం లేదని ఆమెను నిలదీయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ తర్వాతిది అన్నప్రాశన. మొదటి ముద్ద పరమాన్నం, దాన్ని వద్దనే బిడ్డ ఉండదు. ఆరు నెలలు నిండగానే పైతిండి మొదలుపెట్టాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటకూ మన ఆచారానికీ పెద్ద తేడా లేదు. తేడా ఆ తర్వాతి నెలల్లో వస్తుంది. చాలా ఇళ్లలో మెత్తగా పిసికిన పప్పన్నం, నెయ్యి, లేదంటే ఉగ్గు, ఇవే ఏడాది దాకా నడుస్తాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో వేలమంది పిల్లలను వెంబడించిన అధ్యయనంలో, కాస్త ముక్కలు తగిలే తిండిని పది నెలలు దాటాక గానీ పెట్టని పిల్లలు తర్వాత తినిపించడానికి ఎక్కువ కష్టమయ్యారని 2001లో రాశారు. ఆ పిల్లలనే ఏడేళ్ల వయసులో చూసినా కూరగాయలు, పండ్లు తక్కువ రకాలే తింటున్నారు. ఎనిమిది, తొమ్మిది నెలలకే చిదిమిన ఆనపకాయ, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ ముక్క, వేళ్లతో నలిపిన ఇడ్లీ బిడ్డ చేతికి అందాలి. వేరుశనగ గింజల వంటి గట్టివి మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

ఎన్నిసార్లు పెట్టి చూశారు?

లీన్ బర్చ్ అనే అమెరికా పరిశోధకురాలి జీవితమంతా పిల్లల కంచం చుట్టూనే గడిచింది. 1982లో ఆమె, డయాన్ మార్లిన్ కలిసి రెండేళ్ల పిల్లలకు తెలియని పండ్లను, జున్నులను రుచి చూపించారు. ఒకదాన్ని ఇరవైసార్లు, ఒకదాన్ని పదిహేనుసార్లు, అలా తగ్గించుకుంటూ వచ్చారు. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా కోరుకున్నారు. ఊరికే చూపిస్తే ఫలితం లేదని, నాలుకకు తగలాలని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కొత్త తిండి అలవాటు కావడానికి పది, పదిహేనుసార్లు పట్టవచ్చని అప్పటి నుంచి చెబుతున్నారు. కానీ అమెరికాలో 2004లో ప్రచురితమైన ఒక సర్వేలో ఎక్కువమంది తల్లిదండ్రులు మూడు నుంచి ఐదుసార్లు చూసి, బిడ్డకు ఇష్టం లేదని తేల్చేశారు. మన ఇళ్లలో ఆ నిర్ణయం రెండోసారికే జరిగిపోతుందేమోనని నా అనుమానం. ఆ తర్వాత ఆ కూర వండిన రోజున బిడ్డకు వేరే వంట మొదలవుతుంది. కొన్నాళ్లకు ఆ కూర వండటమే మానేస్తారు. ఇష్టం లేదన్న ముద్ర అలా శాశ్వతమవుతుంది.

ఒక సూక్ష్మం ఉంది. బర్చ్, సుసాన్ సల్లివన్ 1990లో నాలుగైదేళ్ల పిల్లలకు సోయా పాల జున్నును పదిహేనుసార్లు పెట్టారు. కొందరికి తీపిది, కొందరికి ఉప్పుది, కొందరికి చప్పటిది. తీపిది తిన్నవాళ్లు తీపిదాన్నే, ఉప్పుది తిన్నవాళ్లు ఉప్పుదాన్నే ఇష్టపడ్డారు. ఈ సంగతి మన జిల్లాలకు నేరుగా వర్తిస్తుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకం తొలి జిల్లాల్లో గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. రాగి మళ్లీ ఇళ్లలోకి వస్తోంది, చాలా సంతోషం. కానీ బిడ్డకు అది లడ్డూగానే వస్తే, బిడ్డకు తెలిసింది తీపి రాగి మాత్రమే. ఆ బిడ్డే చోడి (రాగి) అంబలి గిన్నె చూసి వెనక్కి జరిగితే ఆశ్చర్యపోకూడదు. లడ్డూ పెడుతున్న రోజుల్లోనే మజ్జిగ కలిపిన అంబలిని కూడా రెండు చెంచాలు నాకించాలి. అసలు రుచిని తీపి చాటున దాచి నెగ్గుకొచ్చే ఉపాయాలు తర్వాత పనికిరావు.

సరిహద్దులో పెరిగే పిల్లలకు ఒక భాగ్యం ఉంది. దాన్ని మనం సరిగ్గా గుర్తించడం లేదు. ఒకే వీధిలో రెండు వంటిళ్ల వాసనలు. ఇటు తరవాణి అన్నం, అటు పఖాళ. ఇటు పనసపొట్టుకు ఆవ పెడతారు, అటు చేపకు, కూరగాయలకు ఆవముద్ద నూరి బేసర చేస్తారు. చింతపండు పులుసు ఒక ఇంట్లో, పప్పులో కూరగాయలు కలిపి పులుపు లేకుండా వండే డాల్మా పక్కింట్లో. ఆవ ఘాటు, పులిసిన గంజి వాసన చిన్నప్పుడు పరిచయం కాకపోతే పెద్దయ్యాక చాలామందికి కొరుకుడు పడవు. ఇక్కడి పిల్లలకు రెండు వైపుల నుంచీ అందుతాయి.

బడిలో అయితే ఆ పరిచయానికి తోటి పిల్లల బలం తోడవుతుంది. ఇంట్లో పప్పులో బొప్పాయి ముక్క వేస్తే ఏరి పక్కన పెట్టే పిల్లవాడు, ఒడిశా బడి భోజనంలో బొప్పాయి, గుమ్మడి, కంద కలిసిన డాల్మాను అన్నంలో కలుపుకుని తినేస్తాడు. తల్లికి ఇది అవమానంలా తోస్తుంది, కానీ ఇందులో ఆమె వంట తప్పేమీ లేదు. బర్చ్ 1980లోనే ఇలాంటిది చేసి చూశారు. ఒక కూరగాయను ఇష్టపడే బిడ్డను, వేరేదాన్ని ఇష్టపడే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య భోజనానికి కూర్చోబెడితే కొద్దిరోజుల్లోనే ఆ బిడ్డ వాళ్లు కోరినదే కోరడం మొదలుపెట్టింది. బడి బంతి చేసే పని ఇంట్లో ఒంటరిగా పీట మీద కూర్చోబెట్టి తినిపిస్తే జరగదు. ఇంట్లోవాళ్లంతా తిన్నాక బిడ్డకు విడిగా పెట్టే అలవాటు, లేదా అందరికంటే ముందే బిడ్డ పని కానిచ్చేసే అలవాటు ఎంత నష్టం చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదే శక్తి ఎదురు దిశలోనూ పనిచేస్తుంది. అసహ్యం పుట్టుకతో రాదు. రెండేళ్ల బిడ్డ పెద్దలు ముట్టని వస్తువులను కూడా నోట్లో పెట్టుకుంటుందని రోజిన్ బృందం 1986లో చూపించింది. ఏది తినదగనిదో తర్వాత ఇల్లే నేర్పుతుంది. సంతలో ఎండుచేపల వరుస దగ్గర తల్లి ముక్కు మూసుకుంటే, పక్కింటి శాగ (ఆకుకూర) గురించి నాన్నమ్మ మూతి విరిస్తే, బిడ్డ పాఠం నేర్చేసుకుంటుంది. ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిది, శాకాహారుల ఇంట్లో ఎండుచేప తినమని ఎవరూ చెప్పరు. కానీ "ఛీ, అది వాళ్ల తిండి" అన్న మాట బిడ్డకు తిండి గురించే కాదు, ఆ తిండి తినే మనుషుల గురించి కూడా చెబుతుంది. ఆ మాట పిల్లల ముందు అనకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ముద్ద లెక్క ఎవరిది?

బలవంతం గురించి ఉన్న ఆధారాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. 2006లో ఎమీ గాలోవే అనే పరిశోధకురాలి బృందం బడికి వెళ్లే ముందు వయసు పిల్లలకు రెండు రకాల సూపు ఇచ్చింది. ఒకదాని దగ్గర "పూర్తిగా తాగు" అని చెబుతూ వచ్చారు, రెండోదాని దగ్గర ఏమీ అనలేదు. పిల్లలు ఏమీ అనని సూపునే ఎక్కువ తాగారు, ఒత్తిడి పెట్టినదాని గురించి ఎక్కువగా సణిగారు. అక్కడ ఒత్తిడి అంటే మర్యాదగా చెప్పిన ఒక్క మాటే. మన దగ్గర ముక్కు పట్టుకుని తాగించడం, దెబ్బ చూపించడం, పోలీసు వస్తాడనడం దాకా వెళుతుంది.

లంచం ఇస్తే? 1984లో బర్చ్ బృందం ఒక పాల పానీయం తాగితే బహుమతి ఇస్తామని పిల్లలకు చెప్పింది. తాగారు. తర్వాత బహుమతి లేనప్పుడు ఆ పానీయం మీద వాళ్లకు మునుపటి కంటే ఇష్టం తగ్గింది. "కూర తింటే చాక్లెట్" అన్న ఒప్పందంలో బిడ్డ నేర్చుకునేది కూర కష్టమైన పని అని, చాక్లెట్ దానికి కూలి అని. ఇక ఫోను. బొమ్మలు చూస్తూ నోరు తెరిచే బిడ్డ కడుపులోకి ముద్ద వెళుతుంది, నిజమే. ఆ ముద్ద ఏ రుచిలో ఉందో, కడుపు నిండిందో లేదో గమనించే అవకాశం మాత్రం పోతుంది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే అమ్మమ్మ కనీసం బిడ్డ ముఖం చూస్తూ ఉండేది.

అలాగని "పిల్లల ఇష్టానికి వదిలేయండి" అనేది సరైన జవాబు కాదు. ఈ మాటకు ఆధారంగా చాలామంది క్లారా డేవిస్ ప్రయోగాన్ని చెబుతారు. ఆమె పిల్లల వైద్యురాలు. 1928లో తొలి ఫలితాలు, 1939లో మొత్తం పదిహేను మంది పిల్లల వివరాలు ప్రచురించారు. పాలు మానే వయసు నుంచి ఆ పిల్లలే తమకు కావలసింది ఎంచుకుని తిన్నారు, బిడ్డ చెయ్యి చాచి చూపించినప్పుడు తప్ప ఎవరూ నోటికి అందించలేదు. ఒక్కొక్కరి తిండి ఒక్కో తీరుగా, రోజుకో తీరుగా సాగింది. చివరికి అందరూ ఆరోగ్యంగా పెరిగారు. కానీ వాళ్ల ముందు పెట్టిన 34 రకాల్లో పాలు, మాంసం, గుడ్లు, ధాన్యాలు, పండ్లు, కూరగాయలు ఉన్నాయి గానీ చక్కెర, మిఠాయిలు, బిస్కెట్లు లేవు. ఆ జాబితాలోనే అసలు కిటుకు ఉందని డేవిసే చెప్పారు. అదే సూత్రాన్ని ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980లలో తల్లిదండ్రుల కోసం తేట చేశారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని.

మన ఇళ్లలో ఈ రెండూ తలకిందులుగా నడుస్తున్నాయి. ఏం వండాలో బిడ్డ నిర్ణయిస్తోంది, ఎన్ని ముద్దలు తినాలో పెద్దలు నిర్ణయిస్తున్నారు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే, ఇదే గుర్తుండాలని కోరుకుంటాను.

అయిదు రూపాయల ప్యాకెట్

పదిహేనుసార్లు పెట్టి చూడండి అని చెప్పడం తేలిక. నెల చివర్లో కూరగాయల సంచి సగం ఖాళీగా వచ్చే ఇంట్లో, బిడ్డ ఉమ్మేస్తుందని తెలిసిన కూరకు డబ్బు పెట్టడం తేలిక కాదు. అమెరికాలో కెయిట్లిన్ డేనియల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2016లో ఈ సంగతినే రాశారు. తక్కువ ఆదాయం ఉన్న తల్లులు పిల్లలు తింటారని ఖాయంగా తెలిసినవే కొంటున్నారు, ఎందుకంటే పారేసిన తిండికి మళ్లీ డబ్బు లేదు. మన వీధి చివరి కొట్టులో వేలాడే అయిదు రూపాయల కుర్‌కురే, బిస్కెట్ ప్యాకెట్ల బలం కూడా అదే. ఎప్పుడు కొన్నా ఒకే రుచి, ఒకే కరకర, బిడ్డ వద్దనదు, ఒక్క ముక్క వృథా కాదు. కూలికి వెళ్లే తల్లి ఆ ప్యాకెట్ కొంటే ఆమెకు తెలివి లేక కాదు. ఆమె లెక్క ఆ పూటకు సరైనదే. నష్టం నెమ్మదిగా వస్తుంది. పన్నెండు గంటలకు ప్యాకెట్ తిన్న బిడ్డకు ఒంటి గంటకు ఆకలి ఉండదు, ఆకలి లేని నోటికి కొత్త కూర ఎప్పుడూ పరాయిదే.

దీనికి ఖర్చు లేని దారి ఉంది. బిడ్డ కోసం విడిగా వండనక్కరలేదు, వడ్డించనూ అక్కరలేదు. పెద్దల కంచంలోని కూర నుంచి చిటికెడు, బఠాణీ గింజంత, బిడ్డకు ఇష్టమైన అన్నం పక్కన పెట్టాలి. నాలుకకు తగిలించి ఉమ్మేసినా ఒకసారి లెక్కలోకి వచ్చినట్టే. ఉమ్మినందుకు మాట అనకూడదు. రెండు రోజుల తర్వాత మళ్లీ అంతే. ప్యాకెట్‌ను పూర్తిగా మాన్పించలేని ఇంట్లో దాన్ని భోజనానికి ముందు కాకుండా తర్వాతి వేళకు జరిపినా చాలా మారుతుంది. నిషేధం పెట్టి కళ్ల ముందే బీరువా పైన దాచితే మాత్రం బిడ్డ మనసంతా బీరువా మీదే ఉంటుంది, ఇది కూడా బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ 1999లో పరీక్షించి చూసినదే.

పేచీ కాదు, జబ్బు అయినప్పుడు

ఆకలి లేకపోవడమంతా పేచీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి, ఒడిశాలో 64.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి మందగిస్తే ఇనుము ఇంకా తగ్గుతుంది. కడుపులో నులిపురుగులు ఉన్నా అంతే. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకోసమే, దాన్ని తప్పించకూడదు. మలబద్ధకం ఉన్న బిడ్డ కూడా తిండి వద్దంటుంది. అన్నం తినడం లేదు కదా అని పాలు పెంచుతూ పోవడం మరో ఉచ్చు. ఏడాది దాటిన బిడ్డ రోజుకు అర లీటరు మించి ఆవు పాలో గేదె పాలో తాగితే కడుపు వాటితోనే నిండుతుంది, పాలలో ఇనుము దాదాపు ఉండదు.

కొందరు పిల్లల విషయం వేరు. తినే రకాలు పెరగకపోగా నెలనెలా తగ్గుతూ పోవడం, ముక్క తగిలితే చాలు కక్కుకోవడం, ఒకే రంగుదో ఒకే కంపెనీదో తప్ప తినకపోవడం, మింగేటప్పుడు దగ్గడం, నొప్పితో ఏడవడం, బరువు ఆగిపోవడం. వీటిని మొండితనం అని తిట్టడం ఆ బిడ్డ పట్ల క్రూరత్వమే. ఇలా తిండిని తీవ్రంగా తప్పించుకునే స్థితిని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆర్‌ఫిడ్ అనే పేరుతో విడి రుగ్మతగా గుర్తించింది. ఆటిజం ఉన్న పిల్లల్లో స్పర్శ, వాసనల తాకిడి ఎక్కువగా ఉండటం వల్ల కూడా ఇలా జరుగుతుంది. వీళ్లకు పదిహేనుసార్ల సూత్రం ఒక్కటే చాలదు, పిల్లల వైద్యుడిని కలవాలి.

వెళ్లేటప్పుడు అంగన్‌వాడీలో బరువు రాసిన కార్డు వెంట తీసుకెళ్లండి. అందులోని గీత పైకి వెళుతోందా, అడ్డంగా సాగుతోందా అన్నదే వైద్యుడు ముందు చూస్తాడు. దానితో పాటు మూడు రోజుల పాటు బిడ్డ నోట్లోకి వెళ్లినదంతా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పాలు ఎన్ని గ్లాసులు, బిస్కెట్లు ఎన్ని, నాన్నమ్మ ఇచ్చిన బెల్లం ముక్క, బడిలో తిన్న గుడ్డు, కొట్టులో కొన్న ప్యాకెట్ అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం రాయడానికి తల్లి ఒక్కతే కూర్చోకూడదు. ఇంట్లో బిడ్డ చేతికి తిండి అందించే ప్రతి ఒక్కరూ తాము ఇచ్చింది తామే రాయాలి.